రెండో చెయ్యి పడకుండా

చినవాల్తేరులో మా గది కిటికీ తూర్పుకి.
ఉప్పుగాలికి మెషీన్ వెనక స్క్రూలు
ఏడాది తిరక్కుండా తుప్పెక్కాయి.
లోపల ముప్పై రెండు ప్రాసెస్‌లు
బంగాళాఖాతాన్ని గళ్లుగా పంచుకుని
ఎవరి గాలి వాళ్లు లెక్క కడుతుంటాయి.

ఎవరి గోడ వాళ్లది.
పక్క గడిలో కెరటం ఎంతెత్తు లేచిందో
గోడకి ఇవతల తెలీదు.
తెలియాలంటే
అది తన అంచు వరసని మోసుకొచ్చి
అందరి అరుగు మీద పెట్టాలి,
ఇది వచ్చి అరుగు మీంచి ఎత్తుకోవాలి.
ఒక్క అంచుకి రెండు కాపీలు.
రాత్రికి ఎన్ని లక్షల అంచులో!
ఫ్యాను రొద వింటే చెప్పగలను
లెక్క కడుతున్నాయో
ఊరికే మోస్తున్నాయో.

ఫిషింగ్ హార్బర్‌లో ఓ తెల్లారగట్ల
టీ గ్లాసు పట్టుకు నిల్చున్నాను.
గరికిన ఎల్లాజీ బోటు దిగిన కోనాలు
సిమెంటు గట్టు మీద ఓసారి
కాటా దగ్గర ఓసారి
ఐసు పెట్టె ముందు ఇంకోసారి పొర్లుతున్నాయి.
"రెండో చెయ్యి పడితే సేప మెత్తబడిపోద్ది బావూ,"
అన్నాడు నా వైపు చూడకుండానే.
మరి?
"మరేటి. నడిసంద్రంలో ఐతే
బోటుకి బోటు ఆనించేసి
బుట్టకి బుట్ట అందిచ్చుకుంతాం.
గట్టుతో పనేటి?"

టీ సగంలో వదిలేసి వచ్చాను.

రెండు కాల్స్ రాశాను:
చదవడానికొకటి, రాయడానికొకటి.
ఏ ప్రాసెస్, ఏ అడ్రస్, ఎంత పొడవు,
ఇటొక జాబితా, అటొక జాబితా.
అవతలి పేజీని కెర్నెల్
ఒక్క క్షణం కదలనీకుండా పట్టుకుని
నేరుగా ఇవతల దింపి వదిలేస్తుంది.
అరుగు లేదు.

లెంక సూర్యకళ ప్రింటు తీసుకుని
ఆకుపచ్చ పెన్నుతో పక్కన రాసింది:
"అవతలి బోటు సరంగుని అడిగావా?"

అడగలేదు.
తొందరలో గోడ నాకు అడ్డంగానే కనిపించింది.
ఒకడి మతిలోకి ఇంకొకడు
చెయ్యి పెట్టకూడదని
ఎవరెవరో ఎన్ని రాత్రులు మేలుకుని కట్టిన గోడ అది.
నాలుగు లైన్లు చేర్చాను:
ఇద్దరి యజమానీ ఒకరేనా?
అవతలిది ఏదైనా దాచుకున్నదా?
కాకపోతే, దాచుకుంటే,
అనుమతి లేదు.

ఆమె తన లాగిన్ నుంచి
నా ప్రాసెస్‌లోకి చెయ్యి పెట్టి చూసింది.
మా కుర్చీల మధ్య జానెడు దూరం.
తెర మీద: అనుమతి లేదు.
"బాగుంది," అంది.
ఆ నెలంతా నాకు దొరికిన మెప్పు అదొక్కటే.

మళ్లీ ఆకుపచ్చ పెన్ను:
"మధ్యలో కెరటం కొడితే?"
ఎనిమిది బుట్టలు అడిగితే
అయిదోదాని తర్వాత అవతల పేజీ లేకపోవచ్చు.
అప్పుడు అయిదనే చెబుతుంది.
ఎనిమిదని బొంకదు,
ఏమీ రాలేదని ఏడవదు,
బుట్టని సగానికి కొయ్యదు.
అడిగినవాడు మాత్రం
వచ్చిన అంకె చూసుకోవాలి.

మూడోది ఆమె అడక్కుండా నేనే చెప్పాను.
అవతలివాడు రాస్తూ రాస్తూ ఉండగానే
ఇవతలివాడు ఎత్తుకుపోతే
సగం పాత కెరటం, సగం కొత్త కెరటం.
దానికి నా కోడ్ పూచీ లేదు.
అందుకో, ఆగు అని
వాళ్లూ వాళ్లూ కేకేసుకోవాల్సిందే.
ఆమె పెన్ను మూత పెట్టింది, ఒప్పుకున్నట్టు కాదు.

ఆ రాత్రి ఫ్యాను రొద మారింది.
అయిదింటికి తేలాల్సిన ఉప్పెన గీత
మూడున్నరకే తేలింది
భీమిలి దగ్గర వంగి, ఒడ్డుకి కాస్త దూరంగా.
కింద వీధిలో ఇంకా ఎవరూ లేవలేదు.

హార్బర్‌కి వెళ్లి ఎల్లాజీకి చెప్పాను,
నీ మాట మెషీన్‌లో పెట్టానని.
"డబ్బులొత్తాయేటి?"
రావన్నాను.
నవ్వి, బోటులోంచే వంగి
గట్టు మీద ఆనించకుండా
కోనాలు నా సంచిలోకి జార్చాడు.

నాలుగు అడిగాను.
"మూడే," అన్నాడు.